అమ్మ ఇచ్చిన చేతులు

"ఇంకాస్త పైకెత్తమ్మా... ఆ, అంతే. కదలకు."

"కదలకు కదలకు అంటే ఎలాగే? అవతల పాలు పొంగితే పొయ్యి నువ్వు తుడుస్తావా?"

వంటింటి కిటికీ దగ్గర స్టీలు పళ్ళాన్ని రెండు చేతులతో వెలుతురుకేసి పట్టుకుని నిలబడింది అమ్మ. చూసేవాళ్ళకు పళ్ళెం సరిగ్గా తోమారో లేదో పరీక్షిస్తున్నట్టుంటుంది. కానీ ఈ పూటకు అది పళ్ళెం కాదు. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఒకావిడ తయారుచేసిన, నక్షత్రాలను బట్టి వేళ చెప్పే ఇత్తడి పరికరం. ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్న కూతురు కాగితం మీద గబగబా ఆ వేళ్ళను దింపుకుంటోంది.

ఆ కూతుర్ని వీధిలో అందరూ బొమ్మలక్క అంటారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె వృత్తి. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆమెకు ప్రాణంతో సమానమైన పుస్తకం. ముస్లిం చరిత్రలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళ కథలు, పిల్లల కోసం. సింహాసనమెక్కి రాజ్యమేలినావిడ, విమానం నడిపినావిడ, తన ఇంటి వరండాలోనే ఆడపిల్లలకు బడి పెట్టినావిడ, ఇలా పేజీకొకరు. చిన్నప్పుడు తను చదివిన పుస్తకాల్లో అమ్మలాంటి వాళ్ళు, తనలాంటి వాళ్ళు ఒక్కరూ కనబడలేదన్న కొరత ఆమెకు ఇన్నేళ్ళుగా ఉంది. లోపలి పేజీలన్నీ ఇచ్చేసింది. మిగిలింది అట్ట.

ఆ పాతకాలపు ఆడవాళ్ళలో చాలామంది ఎలా ఉండేవారో ఎవరికీ తెలియదు. అందుకని బొమ్మలక్క మొహాలు అప్పు తెచ్చుకుంది. నక్షత్రాలావిడకు మందుల షాపులో బిల్లు వేసే అమ్మాయి కళ్ళు. రాణిగారికి తన ఆడబిడ్డ ముక్కు. "మా అక్క ముక్కుకు సింహాసనం కొత్తేం కాదులే" అన్నాడు భర్త. ఊరికే తెచ్చుకోలేదు, ప్రతివాళ్ళనూ అడిగే గీసింది. మందుల షాపు అమ్మాయి సిగ్గుపడిపోయి, తెల్లారి జడ వేసుకుని మరీ వచ్చింది. ఆడబిడ్డ అయితే కబురందిన పూటే దిగిపోయింది.

చేతులు మాత్రం అన్నీ అమ్మవి. ఈ పుస్తకంలోనే కాదు, ఆమె గీసిన ఏ పుస్తకంలో చూసినా విత్తనాలు చల్లే చేతులూ అవే, బిడ్డకు జోలపాడే చేతులూ అవే. పొడవాటి వేళ్ళు, కుడి చూపుడువేలి కొసన ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని గట్టిపడిన చర్మం. చిన్నప్పుడెప్పుడో అమ్మ ఒక షరతు పెట్టింది. "మొహం వద్దు. చేతులు కావాలంటే తీసుకో." ఆ షరతు ఈనాటిదాకా మారలేదు.

మారలేదని అమ్మ అనుకుంటోంది. బొమ్మలక్క పెదవి కొరుక్కుని లోపల్లోపల నవ్వుకుంది. అమ్మకు తెలియకుండా ఒక పేజీ ఉంది.

కాలింగ్ బెల్ మోగింది. మనవరాలు పరుగున వెళ్ళి, కొరియరు కవరు పట్టుకుని అంతకంటే వేగంగా వచ్చింది.

"అమ్మా! పుస్తకం! పుస్తకం వచ్చేసింది!"

"పుస్తకం కాదే, అచ్చుకు ముందు చూసుకోమని పంపే లోపలి పేజీల నమూనా. సాయంత్రంలోగా సరేనంటే అచ్చుకెళ్తుంది." బొమ్మలక్క కూతురి చెవిలో గుసగుసలాడింది. "అమ్మమ్మను కూర్చోబెట్టి నువ్వే చూపించు. చదువులబడి కట్టించినావిడ పేజీ దగ్గర మాత్రం ఆగు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. మనవరాలు ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. "అరె, ఇది మీ అత్త ముక్కే!" అని నవ్వింది. "ఇవి నా చేతులే. ఆ రోజు గరిటె పట్టుకోమంటే పట్టుకున్నా, ఇదా చేసింది? కత్తి చేసేసిందే!"

ఆ పేజీ వచ్చింది. తండ్రి పోయాక తన వాటాకు వచ్చిన ఆస్తినంతా పెట్టి పెద్ద చదువులబడి కట్టించిందని చెప్పుకునే ఆవిడ పేజీ. సగం లేచిన గోడ ముందు నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. కింది పెదవి బిగబట్టి ఉంది. దుఃఖాన్ని మింగి లేచి నిలబడ్డ మొహం. అది అమ్మ మొహం. ఇప్పటిది కాదు, వయసులో ఉన్నప్పటిది.

అమ్మ నవ్వు ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఇది నువ్వే కదా! ఎంత బాగున్నావో! ఎందుకేడుస్తున్నావిక్కడ?" పిల్ల ఉత్సాహం పిల్లది. చివరి పేజీకి ఎగిరిపోయింది. "ఇదిగో, ఇక్కడ కూడా నీ గురించి ఉంది. అమ్మ ఫోటో కింద. చదవనా? 'బొమ్మలు గీయడం తప్పని నమ్మే తల్లి కడుపున పుట్టి, ఆ తల్లి కంట పడకుండా గోడల మీద గీస్తూ పెరిగారు...'"

పాలు పొంగాయి. పొంగి పొయ్యంతా పారాయి. అమ్మ లేచి గ్యాసు కట్టేసింది, గుడ్డ తీసుకుని పొయ్యి శుభ్రంగా తుడిచింది, గుడ్డ పిండి ఆరేసింది. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది.

"నేనేమైనా తప్పు చదివానా అమ్మా?" అంది పిల్ల బిక్కమొహంతో.

"లేదే. ఉన్నదే చదివావు."

ఇదంతా చూస్తూ గుమ్మంలో నిలబడ్డాడు భర్త, గడ్డం సగం గీసుకున్న మొహంతో. ఈ మనిషికి భార్య మీద ఒక పాత జోకు ఉంది. ఇల్లు అంటుకున్నా మా ఆవిడ ముందు మంటను గీసుకుని ఆ తర్వాత నీళ్ళ బిందె వెతుకుతుంది అని నలుగురిలో చెబుతుంటాడు. అందులో అబద్ధం లేదు. ఎదుటి మనిషి మొహంలో ఏ బాధ కదిలినా ఆమె చెయ్యి దానంతటదే పెన్సిల్ కోసం పోతుంది. ఇప్పుడు మాత్రం జోకు వేయలేదు.

"అడిగి గీయాల్సింది" అన్నాడు మెల్లిగా.

"అడిగితే వద్దంటుంది. తెలిసి అడగడమెందుకు?"

"వద్దంటుందని తెలిసే కదా అడగలేదు" అని సబ్బు ఆరిపోతోందంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే అమ్మ గదిలోకి వెళ్ళింది బొమ్మలక్క.

అమ్మ మంచం అంచున కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడుస్తోంది.

"బాలేదా అమ్మా?"

"బాగుంది."

"మరి?"

"బాగుందన్నాగా. అచ్చం నాలాగే ఉంది."

"పుస్తకం మొత్తంలో గొప్ప పేజీ నీకిచ్చానమ్మా. కన్నతల్లిని ఆవిడ పక్కన నిలబెట్టాలని ఎన్ని రోజులు కూర్చున్నానో నీకేం తెలుసు? నీకు ఇంకా ఆ పాతకాలపు మాటలేనా? మనవాళ్ళే, రాజుల కాలంలోనే, పుస్తకాల నిండా మనుషుల మొహాలు గీశారు. చదువుకున్న పెద్దల్ని వెళ్ళి అడిగాను కూడా. పిల్లల చదువు కోసమే కదా, తప్పు లేదన్నారు. అంత చదువుకున్నవాళ్ళకు లేని అభ్యంతరం నీకెందుకు?"

అమ్మ దుప్పటి పక్కన పెట్టింది. "అయిందా?"

బొమ్మలక్క తలూపింది.

"బొమ్మలు గీయడం తప్పని నేనెప్పుడన్నానే?"

అలా అన్న రోజు కోసం బొమ్మలక్క మనసులో వెతికింది. తీరా చూస్తే లేదు.

"బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కి నీ డబ్బాలో పెట్టిందెవరు?"

"నువ్వే."

"హాల్లో గోడంతా ఏనుగులు గీస్తే మీ నాన్న సున్నం వేయిస్తానన్నారు. ఉండనీండి, పిల్ల మళ్ళీ అలాంటి ఏనుగులు గీయలేదు అన్నదెవరు?"

"నువ్వే..."

"కంట పడకుండా గీసిందట! నా కంటి ముందే గీశావే అన్నీ. నా మొహం గీయకు అన్నాను. అంతకంటే ఇంకో మాటనలేదు. మిగతాదంతా నువ్వే కలుపుకున్నావు."

బొమ్మలక్కకు తన సభలు గుర్తొచ్చాయి. ఎన్ని సభల్లో చెప్పింది ఆ మాట! పత్రికవాళ్ళు వచ్చినప్పుడల్లా చెప్పింది. మా అమ్మకు బొమ్మలంటే పడవు అనగానే జనం నవ్వేవారు, ఆ నవ్వు తర్వాత చప్పట్లు. అమ్మను తక్కువ చేసి ఆ పక్కన తను ఎత్తుగా కనిపించింది. ఒక్కసారి కూడా అది నిజమా అని ఆలోచించలేదు.

"మరి ఎందుకమ్మా వద్దన్నావు?"

అమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"నీకు ఏడేళ్ళుంటాయి. మీ బళ్ళోనే కుట్టుపని టీచరుగా చేస్తున్నాను అప్పుడు. గుర్తుందా?"

"కొద్దిగా. తర్వాత మానేశావు కదా. ఇంటిపనితో కుదరడం లేదని."

"ఇంటిపనితో కుదరక కాదు. నీ తర్వాత ఒక బిడ్డ. పిల్లాడేనని నా మనసుకు అనిపించేది. కడుపులోనే పోయాడు. మీ నాన్నకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అప్పటికింకా ఎవరికీ చెప్పుకోలేదు, అంత తొందరగా పోయాడు. నాలుగు రోజులు జ్వరమని చెప్పి మళ్ళీ బడికి వచ్చేశాను. పిల్లల ముందు నవ్వుతూ సూదిలో దారం ఎక్కించడం నేర్పాను. ఒక మధ్యాహ్నం మాత్రం ఇంట్లో, మిషను ముందు కూర్చుంటే ఆపుకోలేకపోయాను. నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను."

బొమ్మలక్క మంచం పట్టీ పట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఆమెకు గుర్తుంది. కుట్టుమిషను, కిటికీలోంచి పడుతున్న ఎండ, అమ్మ బిగబట్టిన పెదవి. ఆ రోజు తను కాగితం మీద దింపుకున్న ఆ మొహమే తన జీవితంలో మొదటి బహుమతి తెచ్చిన బొమ్మ. ఆ మొహం మనసులో అలా నిలిచిపోయింది కనకనే ఇన్నేళ్ళకు ఈ పేజీలో గీయగలిగింది. ఆ పెదవి ఎందుకు బిగుసుకుందో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"ఆ బొమ్మ బళ్ళో ఇచ్చావు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఫ్రేము కట్టించి వరండాలో పెట్టించారు. మా కుట్టు గది ఆ వరండా చివర. రోజూ పొద్దున దాని ముందు నుంచే వెళ్ళాలి. పోనీలే అనుకున్నాను. కానీ ఒక్కొక్కరూ వచ్చి ఎంత బాగుందో టీచర్ గారూ, నిజంగా ఏడుస్తున్నట్టే ఉన్నారు, ఏమైంది ఆ రోజు అని అడుగుతుంటే... ఏం చెప్పమంటావు? నా ఏడుపు సంగతి నా తోటివాళ్ళకు నేను చెప్పుకోకముందే గోడ చెప్పేసింది. కొన్నాళ్ళు వెనక గేటు నుంచి వెళ్ళాను. తర్వాత అసలు మానేశాను."

"ఆ బొమ్మ తీసేయమని అనొచ్చుగా అమ్మా!"

"అన్నాను. ఎందుకు అంటారుగా మరి. ఆవిడే అన్నారు, మీవాళ్ళలో బొమ్మలు కూడదంటారు కదా, అందుకేనా అని. అవునన్నాను. అందరూ తేలిగ్గా నమ్మే కారణం అది. అది చెబితే ఇంకో ప్రశ్న రాదు. రాలేదు కూడా." అమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. "బయటివాళ్ళు నమ్మారంటే సరే, వాళ్ళకు నేనేం తెలుసు. నువ్వూ నమ్మావు. నా కడుపున పుట్టి, నా చేతి ముద్ద తిని, నువ్వు కూడా నన్ను అలాగే చూశావు."

"నాకు చెప్పి ఉండాల్సింది."

"చెబితే మానేసేదానివి. ఏడేళ్ళ పిల్లకి, నీ బొమ్మ వల్ల అమ్మ ఉద్యోగం మానేసింది అని చెబితే మళ్ళీ పెన్సిల్ ముట్టుకునేదా? అమ్మ ఏడుస్తుంటే పక్కన వచ్చి కూర్చోవాలని తెలియక కాగితం తీసుకుంది. పసిపిల్ల, దాని తప్పేముంది? అప్పుడు నాకు కోపం రాలేదే. ఇప్పుడొచ్చింది. మందుల షాపు అమ్మాయిని అడిగావు. మీ ఆడబిడ్డను అడిగావు. తమ మాట నెగ్గించుకున్న ఆడవాళ్ళ గురించి పిల్లలకు పుస్తకం వేస్తూ, ఇంట్లో ఉన్న ఆడదాన్ని ఒక్క మాట అడగలేదు. మళ్ళీ అదే మొహం. మళ్ళీ నా ఏడుపు గోడకు తగిలించావు. ఈసారి ఒక్క బడి కాదు, ఎన్ని బళ్ళో."

బొమ్మలక్కకు క్షమించమనడం కూడా చిన్నమాటగా తోచి, తల వంచుకుని బయటకు వచ్చేసింది.

ప్రచురణ సంస్థలో సంపాదకురాలికి ఫోన్ చేసింది.

"చదువులబడి పేజీ మారుస్తాను. చివర నా పరిచయం కూడా."

"ఇవాళా? మతి పోయిందా మీకు? ఆ మొహమే పుస్తకానికి ప్రాణం. ఇక్కడ చూసినవాళ్ళందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి తెలుసా?"

"అందుకే మార్చాలి. ఆ కన్నీళ్ళు నావి కాదు. అడగకుండా తీసుకున్నాను."

అవతల ఒక నిట్టూర్పు. "సాయంత్రం అచ్చువాళ్ళ మనిషి వచ్చేలోపు ఇస్తే సరే. లేదంటే ఉన్నదే వెళ్తుంది, నేనేం చేయలేను."

బల్ల ముందు కూర్చుంది గానీ చెయ్యి కదల్లేదు. ఎంత వెతికినా ఆ పేజీకి ఇంకో మొహం దొరకలేదు. మొదటిసారి ఆమెకు తట్టింది, అమ్మ నవ్వు మొహం తనకు జ్ఞాపకం నుంచి గీయడం రాదని. ఏళ్ళ తరబడి ఎదురుగా ఉన్న మనిషి. వేళ్ళ గణుపులు కళ్ళు మూసుకుని గీయగలదు. నవ్వితే ఏ బుగ్గ ముందు కదులుతుందో మాత్రం తెలియదు. బిగబట్టిన ఆ పెదవి ఒక్కటి చాలనుకుని, మిగిలిన అమ్మను చూడడమే మానేసింది. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

చివరకు బొమ్మలోని ఆవిణ్ణి వెనక్కి తిప్పేసింది. చదివే పిల్లలకు ఇప్పుడు ఆవిడ వీపు కనబడుతుంది, భుజాల మీద ముసుగు కనబడుతుంది, ఎదురుగా లేస్తున్న గోడ కనబడుతుంది. ఒక చెయ్యి ఆ గోడ మీద ఆనించి ఉంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలుసు. మొహం ఉన్న బొమ్మంత బాగా రాలేదు. రాలేదని బొమ్మలక్కకు తెలుసు, చూసినవాళ్ళకూ తెలుస్తుంది. అయినా మార్చలేదు.

రంగు ఆరాక ఆ కాగితం, దాంతో పాటు ఇంకో చిన్న కాగితం పట్టుకుని అమ్మ గదికి వెళ్ళింది. ఈసారి తలుపు తట్టింది. సొంత తల్లి గది తలుపు తట్టడం ఆ ఇంట్లో అదే మొదలు.

"రావే. తడుతున్నావేంటి కొత్తగా?"

"అమ్మా, మొహం తీసేశాను. గోడ మీద చెయ్యి ఇంకా నీదే. అది కూడా తీసేయమంటావా?"

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తన చెయ్యి ఆ బొమ్మలోని చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది.

"చేతులు నేనిచ్చినవే కదా. ఉండనీ."

"పరిచయం కూడా మార్చి రాశాను. నువ్వు సరేనంటేనే పంపుతాను." బొమ్మలక్క రెండో కాగితం చదవడం మొదలుపెట్టింది. "'ఈ పుస్తకంలో కనబడే చేతులన్నీ మా అమ్మవి. నా పెన్సిళ్ళు చెక్కినవీ ఆ చేతులే. ఆవిడ బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పిన టీచరు.'"

"టీచరు అని రాశావా?"

"రాశానమ్మా. వద్దా?"

అమ్మ ఆ మాట ఎన్నేళ్ళ తర్వాత విన్నదో ఏమో. ఏదీ ఇటివ్వు అని కాగితం అందుకుని తనే చదువుకుంది. చదువుతూ చదువుతూ కింది పెదవి బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు నిండాయి.

అదే పెదవి. అదే చూపు. కిటికీలోంచి పడుతున్న ఎండ కూడా అలాగే ఉంది. బొమ్మలక్క చెయ్యి దానంతటదే చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ మీదకు వెళ్ళింది.

ఆ చెయ్యిని ఆమె చూసుకుంది. పెన్సిల్ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. వెళ్ళి అమ్మ పక్కన మంచం మీద కూర్చుని ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆ పిల్లాడికి పేరేమైనా అనుకున్నావా అమ్మా?" అని అడిగింది.

అమ్మ ఆమె భుజం మీద తల వాల్చి బావురుమంది. అచ్చువాళ్ళ మనిషి వచ్చి బెల్ కొట్టేదాకా తల్లీకూతుళ్ళిద్దరూ అక్కడి నుంచి లేవలేదు.